పైన్ వ్యాలీలో ఆ చెట్లన్నీ ఎందుకు కొట్టేశారు?

వూర్‌హీస్ వాసు | శుక్రవారం, రాత్రి 10:40

మేం 2007లో వూర్‌హీస్ వచ్చాం. పైన్ వ్యాలీ గోల్ఫ్ క్లబ్ మాకు పక్కనే. ఉన్నది న్యూజెర్సీలోనే అయినా అందరూ ఫిలడెల్ఫియా క్లబ్బనే అంటారు. మెంబరు వెంటబెట్టుకుని తీసుకెళ్తే తప్ప లోపల ఆడే దారి లేదు. మనకంత సీన్ లేదు.

నేను లోపలికి వెళ్లింది రెండే రెండుసార్లు, 2009లో, 2018లో. సెప్టెంబర్లో క్రంప్ కప్ అని అమెచ్యూర్ల పోటీ పెడతారు. ఆఖరి రోజు మామూలు జనాన్ని కూడా చూడనిచ్చేవాళ్లు. క్లెమెంటన్ వైపు నుంచి రైలు పట్టాలు దాటితే గేటు.

మొదటిసారి నుంచి నాకు బాగా గుర్తుండిపోయింది చెట్లు. ఒక హోల్‌లో (అంటే ఒక్కో గుంట దాకా బంతి కొట్టుకుంటూ పోయే దారి) నిలబడితే పక్క హోల్ కనపడదు. ఎక్కడో ఎవరో చప్పట్లు కొడితే వినపడేది కానీ ఎటునుంచో తెలిసేది కాదు. ఫిలడెల్ఫియా నడిబొడ్డు నుంచి ముప్పావుగంట దూరంలో అంత అడవి ఉందంటే మా ఆవిడ నమ్మలేదు.

రెండోసారి వెళ్లేసరికి చాలాచోట్ల ఫెయిర్‌వే (హోల్ మధ్యలో కోసి ఉంచే గడ్డి బాట) అంచులు బోడిగా ఉన్నాయి. పైన్ చెట్లుండాల్సిన చోట ఇసుక. మొన్న మ్యాప్‌లో పైనుంచి చూశాను, ఇసుకే ఇసుక. పేరులోనే పైన్ ఉన్న క్లబ్బుకి ఆ చెట్లేం అడ్డమొచ్చాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఊరిచెరువు | శుక్రవారం, రాత్రి 11:05

డబ్బున్నవాళ్లకి చెట్టు అడ్డమొస్తే చెట్టు పోతుంది, ఊరు అడ్డమొస్తే ఊరు పోతుంది. ఇందులో తెలియనిదేముంది వాసు గారూ.

వారాంతపు వీరుడు | శుక్రవారం, రాత్రి 11:20

ఒక్క నిమిషం. ఆ కోర్సు పుట్టిందే చెట్లు పీకి. జార్జ్ క్రంప్ అని ఫిలడెల్ఫియాలో హోటల్ ఉన్న ఆసామి 1912లో ఈ 184 ఎకరాలు కొన్నాడు. గుట్టలు, ఇసుక, చిత్తడి, దట్టమైన పొదలు. అప్పట్లో కోర్సంటే ఏదో పొలం మీద గడ్డి పెంచి జెండాలు పాతడమే. ఈయన ఆవిరి యంత్రాలు, గుర్రాలు పెట్టి చెట్ల మొదళ్లు పీకించాడు. 22,000 దాకా లెక్కపెట్టి మానేశారంటారు. జనం దానికి ‘క్రంప్ పిచ్చి’ అని పేరు పెట్టారు. ఆయన హోటల్ వదిలేసి అక్కడే డేరా వేసుకున్నాడు, తర్వాత చిన్న బంగళా కట్టుకుని వేటకుక్కలతో ఉండిపోయాడు.

1914లో 11 హోళ్లు ఆటకొచ్చాయి. 1918 జనవరిలో ఆయన పోయేనాటికి ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి, 12 నుంచి 15 దాకా. మెరియన్ క్లబ్ హ్యూ విల్సన్, ఆయన సోదరుడు అలన్ కలిసి పూర్తిచేయించారు. సొంత కోర్సులో 18 హోళ్లూ ఆడకుండానే పోయాడన్నమాట.

లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 6:15

నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. గోల్ఫ్ గురించి సున్నా. కానీ 22,000 మొదళ్లని 184 ఎకరాలకి పంచితే ఎకరానికి దాదాపు 120. కోర్సంతా చదును చెయ్యరు కదా, కాబట్టి చదును చేసిన చోట ఇంకా చిక్కగా ఉండి ఉండాలి. నమ్మదగ్గ లెక్కే.

గడ్డిపోచ | శనివారం, ఉదయం 7:50

ఇది నా సబ్జెక్టు, కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు నా సంగతి. బాపట్లలో ఏజీ బీయస్సీ చేసి, రట్గర్స్‌లో గడ్డి మీద ఎమ్మెస్ చేశాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కలే ఒక ప్రైవేట్ కోర్సులో పని (పైన్ వ్యాలీలో కాదు). పొలంలో గడ్డి పీకడానికి మనం కూలీలు పెట్టుకుంటుంటే వీడు గడ్డి పెంచడానికి అమెరికా పోయాడేంట్రా అని మా నాన్న ఇప్పటికీ ఊళ్లోవాళ్లతో అంటుంటారు.

గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి జాగా) మీద గడ్డి ఎత్తు మూడు మిల్లీమీటర్లు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. అంత పొట్టిగా కోసిన మొక్కకి ఆకే లేనట్టు. ఆ కాస్త ఆకుతోనే అది వంట చేసుకోవాలి. దానికి కావాల్సింది పొద్దుటి ఎండ. తూర్పున పెద్ద చెట్టుంటే పది, పదకొండింటిదాకా గ్రీన్ మీద మంచు ఆరదు, గాలి ఆడదు. ఇక్కడి జూలై ఉక్కలో తడి ఆరని గడ్డికి బూజు తెగుళ్లు రెండు రోజుల్లో పట్టేస్తాయి. మనం నాటిన బెంట్ గడ్డి పలచబడితే ఆ సందుల్లో పోవా అనే కలుపు గడ్డి చేరుతుంది. దాన్ని ఆపడానికి మందులు. చెట్టు ఒక్కటే, దాని వెనక ఖర్చు ఏడాది పొడుగునా.

వేళ్ల సంగతి వేరే. చెట్టు వేళ్లు కొమ్మల అంచు దగ్గర ఆగిపోవు, చాలా దూరం వచ్చి గ్రీన్ కింద నీళ్లు తాగేస్తాయి. మేం ఏటా యంత్రంతో గ్రీన్ చుట్టూ కోత పెట్టి ఆ వేళ్లు తెంపుతాం.

చెట్లు కొట్టడం ఒక్క పైన్ వ్యాలీ చేసిన పని కూడా కాదు. పిట్స్‌బర్గ్ దగ్గర ఓక్‌మాంట్ 1903లో పుట్టినప్పుడు దాదాపు చెట్లే లేని నేల. 1960ల్లో అందం కోసమని విపరీతంగా నాటారు. 1990ల్లో కొట్టేయాలని నిర్ణయించుకున్నాక మెంబర్లు గోల చేస్తారని చీకట్లో, తెల్లారకముందే కొట్టి, మొదలు పీకి, పైన గడ్డి పరిచేసేవాళ్లు. పొద్దున వచ్చిన మెంబరుకి ఏదో తేడాగా ఉందనిపించేది కానీ ఏంటో తెలిసేది కాదు. ఆనక తెలిసి పెద్ద గొడవే అయింది. అలా వేల చెట్లు పోయాయి.

వూర్‌హీస్ వాసు | శనివారం, ఉదయం 8:30

గడ్డిపోచ గారూ, గ్రీన్ పక్కన చెట్టు కొట్టారంటే ఒప్పుకుంటాను. నేను చూసింది ఫెయిర్‌వేకి అటూ ఇటూ, గ్రీన్‌కి చాలా దూరంలో. అక్కడ ఉన్న గడ్డే తీసేసి ఇసుక చేశారు. అక్కడ పొద్దుటి ఎండ ఎవరికి?

ఇంకోటి. క్రంప్ పెట్టుకున్న నియమాలు కొన్ని చదివాను. ఏ హోలూ పక్కదానికి సమాంతరంగా పోకూడదు. వరసగా రెండు హోళ్లకి మించి ఒకే దిక్కుకి పోకూడదు. ఏ హోల్‌లో ఉంటే ఆ హోల్ ఒక్కటే కనపడాలి. ఈ మూడోది చెట్లు లేకపోతే ఎలా కుదురుతుంది?

గడ్డిపోచ | శనివారం, ఉదయం 9:10

మంచి ప్రశ్న. హోల్‌కీ హోల్‌కీ మధ్య అడవి ఇప్పటికీ ఉంది. పోయింది ఆ అడవి అంచు. మొదటి రోజుల ఫొటోలు చూడండి. ఫెయిర్‌వే అంటే ఇసుకలో పరిచిన చాపలాగా ఉండేది. చుట్టూ ఇసుక, చిన్న చిన్న పొదలు, ఆ వెనక అడవి. తర్వాత ఆ ఇసుక నిలవక వానకి కొట్టుకుపోతుంటే పట్టి ఉంచడానికి వేల పైన్ మొక్కలు నాటారు. మీరు 2009లో చూసిన చెట్లలో చాలావరకు అవీ, వాటంతటవే మొలిచినవీ. అడవి మెల్లగా నడుచుకుంటూ ఫెయిర్‌వే దాకా వచ్చేసింది.

ఆ ఇసుక మీద మొదట్లో గడ్డీ నిలవలేదు. నీళ్లు పోస్తే జల్లెడలో పోసినట్టే, ఎరువు వేస్తే అదీ నీళ్లతోపాటు కిందికి. వేసిన గడ్డి మాడిపోయి క్రంప్ తల పట్టుకున్నాడు. విల్సన్ అన్నదమ్ములు అప్పటికే వ్యవసాయ శాఖలోని పైపర్, ఓక్లీ అనే శాస్త్రవేత్తలకి మెరియన్ గడ్డి గురించి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుండేవాళ్లు. ఆ ఉత్తరాల నుంచే 1920లో అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ వాళ్ల గ్రీన్ సెక్షన్, అంటే గడ్డి మీద పనిచేసే విభాగం, పుట్టింది. నా చదువుకి తాత అనుకోండి.

సర్రే సుబ్బులు | శనివారం, మధ్యాహ్నం 12:25

లండన్ వైపు కూడా ఇదే కథ. మా ఇంటికి దగ్గర్లో సన్నింగ్‌డేల్ గోల్ఫ్ క్లబ్ ఉంది, 1901లో మొదలైంది. హ్యారీ కోల్ట్ అక్కడ మొదటి సెక్రటరీ. పైన్ వ్యాలీ కోర్సు గీయడంలో సాయానికి ఆయన్నే క్రంప్ 1913లో పిలిపించుకున్నాడు.

ఇప్పుడు సన్నింగ్‌డేల్ చూస్తే దట్టమైన అడవిలో కోర్సు కట్టారనుకుంటారు. పాత ఫొటోల్లో కనుచూపు మేర ఊదారంగు హెదర్ పొదలే, చెట్టన్నది అక్కడొకటి ఇక్కడొకటి. అదంతా పశువులు మేసే బీడు. మేత ఆగిపోయాక, పొయ్యిలోకి పొదలు కొట్టుకునేవాళ్లు కూడా లేకపోయాక బర్చ్, పైన్ మొలిచి కమ్మేశాయి. చెట్ల నీడలో హెదర్ చచ్చిపోతుంది. అందుకని ఈ చుట్టుపక్కల క్లబ్బులు చెట్లు తీసి హెదర్ మళ్లీ తెప్పిస్తున్నాయి. ఆ బీడులో మాత్రమే బతికే బల్లులు, పిట్టలు ఉన్నాయి, వాటికీ ఇదే కావాలి.

విచిత్రమేంటంటే సన్నింగ్‌డేల్ క్లబ్ గుర్తు ఓక్ చెట్టు. ఓల్డ్ కోర్సు 18వ గ్రీన్ వెనక ఉంటుంది. దాని జోలికి మాత్రం ఎవరూ పోరు.

ఊరిచెరువు | శనివారం, మధ్యాహ్నం 1:40

బాగుందండీ. చెట్టు నాటితే పర్యావరణం, కొట్టితే పునరుద్ధరణ. ఏం చేసినా క్లబ్బు తప్పు లేదు. సామాన్యుడు తన పెరట్లో చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కాగితాలు.

అసలు విషయం ఎవరూ అనట్లేదు. ఆ ఇసుక కింద కిర్క్‌వుడ్ కోహాన్సీ అనే పెద్ద భూగర్భ జలాశయం ఉంది. దక్షిణ జెర్సీ సగం దాని మీదే బతుకుతోంది. గడ్డిపోచ గారే అన్నారు, ఎరువు వేస్తే జల్లెడలోంచి పోయినట్టే పోతుందని. ఎక్కడికి పోతుందండీ?

గడ్డిపోచ | శనివారం, మధ్యాహ్నం 2:30

నీళ్లలోకే పోతుంది. దాచడానికేం లేదు. ఇసుక నేలలో నత్రజని ఎక్కువేస్తే నైట్రేటుగా మారి భూగర్భ జలంలోకి దిగుతుంది. అందుకే ఒక్కసారిగా వెయ్యకుండా కొద్దికొద్దిగా, గడ్డి తాగేంతే ఇస్తాం. అందరు మేనేజర్లూ అంత జాగ్రత్తగా ఉంటారని నేను హామీ ఇవ్వలేను.

కానీ మీ వాదన ప్రకారమే చూడండి. ఫెయిర్‌వే పక్క గడ్డి తీసేసి ఇసుక చేస్తే ఆ ఇసుకకి నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు. ఎండొచ్చిన గ్రీన్‌కి బూజు మందు తక్కువ పడుతుంది. మీరు తిట్టాల్సింది కొట్టిన చెట్టు గురించి కాదేమో!

ఊరిచెరువు | శనివారం, మధ్యాహ్నం 2:41

సరే, ఈ ఒక్కదానికి ఒప్పుకున్నా. తిట్టడానికి ఇంకా చాలా ఉన్నాయి.

పిచ్‌పైన్ | శనివారం, సాయంత్రం 4:00

నేను గోల్ఫ్ ఆడను, ఇక్కడి పైన్ బారెన్స్ అడవిలో నడుస్తాను. వాసు గారు ‘అడవి పోయింది’ అని బాధపడుతున్నారు కాబట్టి ఈ అడవి గురించి రెండు ముక్కలు.

ఇది మన నల్లమలలాంటి అడవి కాదు. పుల్లటి ఇసుక నేల, టీ డికాక్షన్ రంగు నీళ్ల వాగులు, మధ్యలో బ్లూబెర్రీ పొదలు. ఇక్కడి పిచ్ పైన్ అగ్గి మీద బతికే చెట్టు. బెరడు మందం. కాలినా మోడు మీంచే చిగురేస్తుంది. కొన్నిచోట్ల దాని కాయలు వేడి తగిలితేనే విచ్చుకుని గింజ రాలుస్తాయి. అప్పుడప్పుడూ మంట రాకపోతే ఓక్ చెట్లు పైకి లేచి పైన్ మొక్కకి ఎండ అందకుండా చేస్తాయి. అంటే మనం కాలకుండా కాపాడుతూ ‘దట్టంగా ఎంత బాగుందో’ అనుకునేది నిజానికి పైన్ అడవి చివరిదశ. ఖాళీలు, ఇసుక మేటలు, అక్కడక్కడ చెట్లు ఇక్కడి అసలు రూపం.

1978లో దీన్ని దేశంలోనే మొదటి నేషనల్ రిజర్వుగా ప్రకటించారు, పదకొండు లక్షల ఎకరాల పైనే. పైన్ వ్యాలీ దాని పడమటి అంచుకి దగ్గర్లో ఉంటుంది. చూడాలనుంటే ఏ గేటూ లేదు, బాట్‌స్టో వైపు రండి వాసు గారూ.

చెర్రీహిల్ అమ్మ | శనివారం, రాత్రి 8:15

చెట్ల గురించి ఇంత బాధపడుతున్నారు కానీ, ఆ గేటు లోపల 2021 దాకా ఒక్క ఆడమనిషి కూడా మెంబరు కాదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరైనా అతిథిగా తీసుకెళ్తే ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆడొచ్చట, అదీ దయతలచి. 1913లో పెట్టిన క్లబ్బు. నూట ఎనిమిదేళ్లు పట్టింది.

మాస్టారూ, లెక్క సరిపోయిందా?

లెక్కల మాస్టారు | శనివారం, రాత్రి 8:40

సరిపోయిందమ్మా.

నాకింకో అనుమానం. మావాడు పైన్ వ్యాలీ అనేది క్లబ్బే కాదు, ఊరు కూడా అంటున్నాడు. 2010 జనాభా లెక్కల్లో 12 మంది అని చూపించాడు. పన్నెండు మందికి ఊరేమిటి? మా ఊళ్లో రచ్చబండ మీద అంతకన్నా ఎక్కువమంది కూర్చుంటారు.

వారాంతపు వీరుడు | శనివారం, రాత్రి 9:05

నిజమే మాస్టారూ. 1929లో క్లబ్బు చుట్టూ గిరి గీసి ప్రత్యేక పురపాలికగా చేసుకున్నారు. మేయరు, పోలీసు అన్నీ వాళ్లవే. ఇల్లు మెంబరుది, కింద నేల క్లబ్బుది. 2022 జనవరిలో పక్కనున్న పైన్ హిల్‌లో కలిపేశారు. కోర్సు కాక, ముట్టుకోకుండా వదిలేసిన అడవి ఇంకో 416 ఎకరాలుంది. ఊరిచెరువు అన్న ఒప్పుకోడు గానీ, ఆ గేటే లేకపోతే ఈపాటికి అక్కడ టౌన్‌హౌసులు, వాటి మధ్య ఒక డోనట్ల షాపు ఉండేవి.

ఊరిచెరువు | శనివారం, రాత్రి 9:12

టౌన్‌హౌసుల్లో మనలాంటివాళ్లు ఉండేవాళ్లు. దీనిలో ఉడతలుంటాయి.

వారాంతపు వీరుడు | శనివారం, రాత్రి 9:30

ఎవరూ ఆట సంగతి ఎత్తట్లేదు, నేనే చెప్తాను. పార్ 70, అంటే మంచి ఆటగాడు 18 హోళ్లూ 70 దెబ్బల్లో ముగించాలి. వెనక టీల (ఆట మొదలెట్టే చోట్లు) నుంచి, కోర్సు ఎంత కష్టమో చెప్పే స్లోప్ రేటింగ్ 155, ఆ పద్ధతిలో అంతకు మించిన అంకె లేదు. ఏడో హోల్‌లో ఫెయిర్‌వే మధ్యలో తెగిపోయి ఇసుక ఎడారి వస్తుంది, దాన్ని రెండో షాట్‌తో దాటాలి. పేరు ‘హెల్స్ హాఫ్ ఏకర్’. నరకం అరెకరం అన్నారు కానీ చూస్తే ఎకరం పైమాటే. పదో హోల్ గ్రీన్ ముందు బావిలాంటి బంకర్ (ఇసుక గుంట) ఉంది, దాని పేరు ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు నన్ను తీసేస్తారు.

తొలిసారి ఆడేవాడు 80 లోపు చెయ్యలేడని మెంబర్లు పందెం కాసేవాళ్లు. 1954లో ఆర్నాల్డ్ పామర్ ఆ పందెం ఒప్పుకుని 68 చేశాడు. గెలిచిన డబ్బు పెళ్లి ఉంగరానికి పనికొచ్చిందని తనే చెప్పుకునేవాడు.

నాకన్నిటికన్నా ఇష్టమైన కథ వుడ్ ప్లాట్‌ది. ఫిలడెల్ఫియా అమెచ్యూర్, మంచి ఆటగాడు. ఒకరోజు మొదటి హోల్ బర్డీ (పార్ కన్నా ఒకటి తక్కువ). రెండోది ఈగిల్ (రెండు తక్కువ). మూడోది ఒక్క దెబ్బకే గుంటలో. నాలుగోది మళ్లీ బర్డీ. నాలుగు హోళ్లకి పార్ కన్నా ఆరు తక్కువ! నాలుగో గ్రీన్ క్లబ్‌హౌస్ పక్కనే ఉంటుంది. ఒక్క గుక్క వేసుకుని వస్తానని లోపలికి పోయాడు. తర్వాతది ఐదో హోల్, లోయ మీదుగా కొట్టాల్సిన పొడవాటి పార్ 3. దానిలో మూడు చెయ్యడం దేవుడికే సాధ్యమని అక్కడివాళ్ల సామెత. ఆయన ఇంక బయటికే రాలేదట.

వూర్‌హీస్ వాసు | శనివారం, రాత్రి 10:02

నేనైనా అంతే చేసేవాణ్ణి. నాకు జీవితంలో రెండు పార్‌లు వరసగా వస్తే ఇంటికెళ్లిపోవాలనిపిస్తుంది.

గడ్డిపోచ గారూ, పిచ్‌పైన్ గారూ, చదివాక చెట్ల మీద నా కోపం చాలావరకు తగ్గింది. పూర్తిగా కాదు. 2009లో ఆ చప్పట్లు ఎటునుంచి వచ్చాయో తెలియకపోవడం బాగుండేది, అంతే.

చెర్రీహిల్ అమ్మ | శనివారం, రాత్రి 10:20

వుడ్ ప్లాట్ అంటే జె. వుడ్ ప్లాటేనా? మా రెండోవాడు వేసవిలో ఇక్కడొక క్లబ్బులో క్యాడీగా చేస్తున్నాడు. ఆ పేరుతో స్కాలర్‌షిప్ కాగితం ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. నేను ఏదో ప్రకటన అనుకుని దాని వెనక సరుకుల జాబితా రాసేశాను.

గడ్డిపోచ | శనివారం, రాత్రి 10:31

ఆయనే అక్కా! జె. వుడ్ ప్లాట్ క్యాడీ స్కాలర్‌షిప్ ట్రస్ట్, 1958 నుంచి ఉంది. ఫిలడెల్ఫియా గోల్ఫ్ సంఘానికి చెందిన క్లబ్బుల్లో క్యాడీలుగా చేసే పిల్లల కాలేజీ చదువుకి ఇస్తారు. మార్కులు చూస్తారు, ఇంటి ఆర్థిక పరిస్థితీ చూస్తారు. ఆ కాగితం పారెయ్యకండి. ముందు వాణ్ణి వాళ్ల క్యాడీ మాస్టర్‌ని అడగమనండి.

చెర్రీహిల్ అమ్మ | శనివారం, రాత్రి 10:38

వాడు అడగడు తమ్ముడూ. మహా మొహమాటం. రెండు నెలలుగా బ్యాగులు మోస్తున్నాడు, క్యాడీ మాస్టర్ పేరేంట్రా అంటే ‘సర్’ అంటాడు.

గడ్డిపోచ | శనివారం, రాత్రి 10:44

ఏ క్లబ్బో నాకు మెసేజ్ చెయ్యండి, అక్కడి గడ్డివాళ్లు నాకు తెలిసే ఉంటారు. రేపు ఆదివారం, క్యాడీ మాస్టర్ ఐదున్నరకల్లా వచ్చేస్తాడు, ఆ టైంలో తీరిగ్గా ఉంటాడు. మీవాణ్ణి అప్పుడు పంపండి.

చెర్రీహిల్ అమ్మ | శనివారం, రాత్రి 10:46

పొద్దున ఐదున్నరా? నేనే వెళ్లి అడిగొస్తానులే.